కంచె బయటి రిబ్కమ్మ

వాగు ఇంకా పాత దారినే పారుతున్న రోజుల్లో, దాని ఒడ్డున మూడు పల్లెలుండేవట. ఎగువన రాళ్ళపేట, నడుమ తుమ్మలగూడెం, దిగువన ఏటిదొడ్డి. మూడూ కూలినాలి చేసుకునేవాళ్ళ పల్లెలే. మూడింటిలోనూ తాటాకు కప్పిన చిన్న గుడి, ఆ గుడిని నమ్ముకున్న క్రైస్తవ సంఘం.

బిషప్ గారు ఎక్కడో దూరాన పట్నంలో ఉండేవారు. ఏడాదికోసారి ఎడ్లబండి మీద వచ్చేవారు. ఊరికో పెట్టె ఇచ్చే స్తోమత ఆయనకీ లేదు. మూడు సంఘాలకూ కలిపి ఒక్క చెక్కపెట్టె ఇచ్చారు. అందులో ప్రభు సంస్కారంలో ద్రాక్షరసం పంచే గిన్నె ఉంది. పండగకి మోగించే ఇత్తడి గంట ఉంది. చనిపోయినవాళ్ళ మీద కప్పే తెల్లగుడ్డ ఉంది. సమాధి దాకా ఆ గుడ్డ శవం మీద ఉంటుంది. తర్వాత తీసి, ఉతికి, మళ్ళీ పెట్టెలో పెడతారు. బతికినన్నాళ్ళూ చిరుగుల్లో బతికినవాళ్ళు ఆ ఒక్కపూట తెల్లగా వెళ్ళేవారు.

"ఈ పెట్టె ఏ ఊరిదీ కాదు," అన్నారు బిషప్ గారు. "ఎవరికి అవసరమైతే వాళ్ళది."

మరి మోసేదెవరు? రాళ్ళపేట రిబ్కమ్మ మోసేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఎవరి పొలంలో పని ఉంటే అక్కడ పని. పండగంటే పెట్టె నెత్తిన పెట్టుకునేది. చావంటే పెట్టె నెత్తిన పెట్టుకునేది. ఏ ఊరు వెళ్ళినా గుమ్మం ముందు నిలబడి ఒకటే మాట అనేది.

"పెట్టె వచ్చిందమ్మా, తలుపు తీయండి."

తలుపు తీసేవారు. గంజో, గటకో పోసేవారు. ఆ పూటకి ఆమె ఆ ఇంటి మనిషే.

ఒక ఎండాకాలం గత్తర వచ్చింది. మొదట దిగువన ఏటిదొడ్డిలో పడింది. వాంతులు, విరేచనాలు, సాయంత్రానికల్లా మనిషి లేడు. ఏటిదొడ్డి మనిషొకడు వాగు అవతలి గట్టున నిలబడి కేకేశాడు. "పెట్టె పంపండయ్యా. ప్రార్థన చెప్పే మా ఉపదేశి కూడా పోయాడు."

రాళ్ళపేట సంఘపెద్ద యాకోబు అప్పటికే ఊరిచుట్టూ తుమ్మకంప కొట్టించి కంచె వేయిస్తున్నాడు. అతను రిబ్కమ్మకి స్వయానా మరిది.

"పెట్టె కదలడానికి వీల్లేదు," అన్నాడు. "ఆ గుడ్డ పట్టుకుని గత్తర మన ఊరొస్తుంది."

"పెట్టె మనది కాదు కదా, యాకోబూ."

"నాకు ఆడపిల్ల ఉంది, వదినా."

"ఉంది. వాళ్ళకీ ఉన్నారు."

యాకోబు ఆమె ముఖంలోకి చూడలేదు. "పోతే పో. పోయాక మాత్రం ఈ కంచె దాటి లోపలికి రావొద్దు."

రిబ్కమ్మ పెట్టె నెత్తికెత్తుకుంది. ఆమె వెనకాల కంప అడ్డం పడింది.

ఏటిదొడ్డిలో మోసేవాళ్ళు లేరు. ప్రార్థన చెప్పేవాళ్ళు లేరు. రిబ్కమ్మకి చదువు రాదు, పరలోక ప్రార్థన ఒక్కటే నోటికొచ్చు. అదే చెప్పింది, గంట కొట్టింది, గుడ్డ కప్పింది. శవం గుంటలోకి దిగాక గుడ్డ తీసి, కుండలో మరగబెట్టి, బండమీద ఆరేసింది. ఒక తల్లి ఆమె చేయి పట్టుకుని, "నా బిడ్డని ఉత్తినే మట్టిలో పడేస్తాననుకున్నాను, పిన్నీ," అంది. గుడ్డ ఇంకా ఆరలేదు, పక్కింట్లో ఏడుపు మొదలైంది.

తర్వాత తుమ్మలగూడెం. అక్కడా గంట కొట్టింది, గుడ్డ కప్పింది, గుడ్డ మరగబెట్టింది.

నడుమ ఒకసారి ఆకలికి తాళలేక సొంత ఊరొచ్చింది. "యాకోబూ, పిడికెడు గింజలు," అని అడిగింది. కంచె పైనుంచి మూట వచ్చి పడింది. కంప కదల్లేదు. ఇంకోసారి జ్వరంతో వచ్చింది. "యాకోబూ, నా గుడిసెలో పడుకుంటాను." ఈసారి లోపలినుంచి మాటే రాలేదు.

మూడోసారి ఎవరూ పిలవకుండానే పెట్టెతో వచ్చింది. ఎందుకంటే ఏడుపు ఆమెకి తుమ్మలగూడెం దాకా వినబడింది. కంచె గత్తరని ఆపలేదు. యాకోబు కూతురు పోయింది.

పొద్దు వాలుతోంది. రిబ్కమ్మ కాళ్ళు నిలబడటంలేదు. ఒక చేత్తో కడుపు పట్టుకుని, "పెట్టె వచ్చింది నాయనా, కంచె తీయి," అంది.

యాకోబు కంప సందుల్లోంచి చూశాడు. ఆమె కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఆ కళ్ళేమిటో అతనికి తెలుసు, పోయేముందు కూతురి కళ్ళూ అలాగే ఉన్నాయి.

"పెట్టె అక్కడ పెట్టి వెనక్కి జరుగు, వదినా."

ఆమె పెట్టింది. జరిగింది. యాకోబు కాయలు కోసే దోటి కర్ర బయటికి చాపి, పెట్టెని కంప కిందనుంచి లోపలికి లాక్కున్నాడు.

"గుడ్డ మరగబెట్టాను," అంది రిబ్కమ్మ. "భయపడక బిడ్డకి కప్పు."

అప్పుడు యాకోబు అడిగాడు, "ఏమైనా తిన్నావా?"

ఆమె బాట పక్కన కూర్చుంది.

తెల్లారాక తుమ్మలగూడెం వాళ్ళు, ఏటిదొడ్డిలో మిగిలినవాళ్ళు ఆమెని వెతుక్కుంటూ వచ్చారు. ఆమె కూర్చున్నచోటే ఒరిగిపోయి ఉంది. చీమలు పట్టాయి. వాళ్ళు యాకోబుని తిట్టలేదు. ఆమెని ఎత్తుకుని కంచె ముందుకు తెచ్చి నిలబడ్డారంతే.

యాకోబు కత్తి తేలేదు. ఉత్త చేతుల్తో కంప పీకాడు. మోచేతుల దాకా నెత్తురు. ముందురోజు కూతురి మీదనుంచి తీసిన గుడ్డని తెచ్చి వదిన మీద కప్పాడు. మట్టి వేసే వేళకి ఒక పెద్దాయన గుడ్డ తీయడానికి వంగితే, యాకోబు ఆయన చేయి పట్టుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు.

వానలొచ్చాయి, గత్తర పోయింది. బిషప్ గారు వచ్చి పెట్టె తెరిచారు. గిన్నె ఉంది. గంట ఉంది.

"గుడ్డ ఏదయ్యా?"

"మా వదిన కప్పుకుందండీ," అన్నాడు యాకోబు. బిషప్ గారు మెల్లగా మూత వేశారట. ఊరికో పెట్టె ఎలాగైనా తెప్పిస్తానన్నారు. మూడు సంఘాలవాళ్ళూ వద్దన్నారు. ఒక్కటే చాలన్నారు.

ఇప్పటికీ ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యే ముందు మూడు పల్లెల సంఘాలూ కలిసి రిబ్కమ్మ ఒరిగిపోయిన ఆ బాటలో పెరిగిన ముళ్ళకంప కొట్టేస్తారు. మొదటి కొమ్మ మాత్రం యాకోబు వంశంవాళ్ళు పీకాలి, ఉత్త చేత్తో. ఆ రోజు ఎవరూ పాట పాడరు. పని అయ్యాక నేలమీదే కూర్చుని, మూడు ఊళ్ళ కూడూ ఒకేచోట కలుపుకుని తింటారు.

రాళ్ళపేటలో ఇంకొకటుంది. ఏ ఇంట్లోనైనా రాత్రి తలుపు వేసేముందు ఇంటిపెద్ద గడపలో నిలబడి చీకట్లోకి చూసి, "ఎవరైనా బయట ఉండిపోయారా?" అని అడుగుతారు. జవాబు రాదని తెలుసు. అయినా కాసేపు ఆగుతారు. ఆగాకే తలుపు వేస్తారు.