చెప్పులకి కాపలా

అనగనగా ఒక ఊళ్ళో నలుగురు పెద్దవాళ్ళు ఉండేవాళ్ళు. అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని. నలుగురూ చదువుకున్నవాళ్ళే, నలుగురూ మంచివాళ్ళే. ఆ అమ్మానాన్నలకి ఇద్దరు పిల్లలు. అక్క పేరు చిట్టెమ్మ, ఏడేళ్ళది. తమ్ముడి పేరు గుండుగాడు, మూడేళ్ళవాడు. మొన్నమొన్ననే పుట్టువెంట్రుకలు తీయించారు కాబట్టి వాడికి ఆ పేరు.

ఏమిటా చూపు? అది నువ్వు కాదులే ధాత్రీ. నీకు ఒక్క జడ, చిట్టెమ్మకి రెండు జడలు. మీ తమ్ముడికీ గుండే అంటావా? లోకంలో గుండున్న పిల్లాడు వీడొక్కడేనా? ఇలా దగ్గరికి జరుగు. వాడు నిద్రపోయాడుగా, వాడి మొలతాడులోంచి ఆ వేలు తియ్యి. తియ్యవూ? సరే, ఉంచుకో. కథయ్యాక చూద్దాం.

నేను గట్టిగానే చెప్తాను. హాల్లో మీ అమ్మా నాన్నా టీవీ చూస్తున్నారు, వాళ్ళకి వినబడితే వినబడనీ. అల్లుణ్ణి ఎదురుగా నిలబెట్టి ఒక మాట అనడం మా ఇంటా వంటా లేదు. కథలో నాన్నని అనడానికి నాకేం అడ్డు?

అప్పుడు ఆ నలుగురికీ సెలవులొచ్చాయి. సముద్రం చూసొద్దాం అనుకున్నారు. ప్రయాణానికి ముందు పిల్లల అమ్మమ్మ గుండుగాడికి కొత్త మొలతాడు కట్టింది, నల్లది, మంచి గట్టిది. "ఈ రోజుల్లో మొలతాడేంటమ్మా, ఫోటోల్లో బాగోదు" అంది వాళ్ళమ్మ. ఆ అమ్మమ్మ ఎవరి మాటా వినే మనిషి కాదు. రెండు ముళ్ళు వేసి మరీ కట్టింది.

ఆ తర్వాత కారెక్కారు. సముద్రం ఊళ్ళో దిగారు. ఒక హోటల్లో గదులు తీసుకున్నారు. కిటికీ తీస్తే సముద్రమే. పిల్లలిద్దరూ కిటికీ ఊచలు పట్టుకుని ఒకటే గంతులు.

మొదటిరోజు పొద్దున్న పెద్దవాళ్ళకి ఆకలేసింది. కింద టిఫిన్లు బాగుంటాయట. పిల్లలతో అయితే ప్రశాంతంగా తినలేమట. ఒకళ్ళు నీళ్ళు ఒలకబోస్తారు, ఒకళ్ళు చట్నీ పూసుకుంటారు. అందుకని చిట్టెమ్మ చేతిలో ఫోను పెట్టారు. "నువ్వు పెద్దదానివి కదా, తమ్ముణ్ణి చూసుకో. ఎవరొచ్చినా తలుపు తియ్యకు" అన్నారు. తలుపు దగ్గరికి లాగి, నలుగురూ కిందికి దిగి వెళ్ళిపోయారు.

చిట్టెమ్మ ఫోనులో బొమ్మలు చూస్తోంది. వాళ్ళు ఇచ్చిందే అందుకు కదా! ఈలోగా గుండుగాడు బాత్‌రూములోకి దూరి లోపల గడియ పెట్టేసుకున్నాడు. పెట్టుకోవడం వచ్చింది, తియ్యడం రాలేదు. ఏడుపు మొదలెట్టాడు. చిట్టెమ్మ తలుపు తోసింది, రాలేదు. బయటికెళ్ళి ఎవరినైనా పిలుద్దామంటే తలుపు తియ్యొద్దన్నారు. అప్పుడు ఆ పిల్ల ఏం చేసింది? బాత్‌రూము తలుపు కింద సందులోంచి వేళ్ళు లోపలికి పెట్టింది. "నా వేళ్ళు పట్టుకోరా, నేనిక్కడే ఉన్నా" అంది. వాడు ఆ వేళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

పెద్దవాళ్ళు పెసరట్లు తిని, కాఫీలు తాగి, తీరిగ్గా వచ్చారు. హోటలు కుర్రాణ్ణి పిలిచి తలుపు తీయించారు. గుండుగాడు బయటికొచ్చాడు. వాళ్ళ నాన్న చిట్టెమ్మ వైపు తిరిగి, "చూసుకోమన్నానా లేదా? ఫోను చూస్తూ కూర్చున్నావా?" అన్నాడు. పిన్ని అంది, "పోన్లెండి బావగారూ, ఏం కాలేదు కదా!"

ఏం కాలేదట! వింటున్నావా? ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది. నాకు ఒళ్ళు మండేదే ఈ ముక్కకి.

ఆ తర్వాత రెండోరోజు వచ్చింది. ఆ ఊళ్ళో కొండమీద ఒక లైట్‌హౌసు ఉంది. ఎక్కాలంటే మెట్లు, గుండుగాణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఎవరికీ ఓపిక లేదు. బాబాయికి నడుం నొప్పి, నాన్నకి మోకాలు నొప్పి. ఆ నడుమూ ఆ మోకాలూ మెట్లెక్కడానికి మాత్రం బాగానే పనిచేశాయి. పిల్లలిద్దర్నీ కారులో కూర్చోబెట్టారు. తల బయటపెడతారేమోనని అద్దాలు ఎక్కించారు. బయట తాళం వేసుకుని, "నువ్వు పెద్దదానివి కదా, తమ్ముణ్ణి చూసుకో" అని చెప్పి వెళ్ళిపోయారు.

మిట్టమధ్యాహ్నం ఎండ. కారు పొయ్యిలా కాలిపోయింది. గుండుగాడి మొహం ఎర్రబడింది. ఏడ్చి ఏడ్చి, ఆ తర్వాత ఏడవడం మానేశాడు. ఏడుపు మానేస్తేనే భయపడాలి తల్లీ, ఆ సంగతి చిట్టెమ్మకి కూడా తెలిసింది. తలుపులు లాగింది, రాలేదు. ముందు సీట్లోకి దూకి హారను నొక్కింది. నొక్కిన చెయ్యి తియ్యలేదు.

దారినపోయేవాళ్ళందరూ కారు చుట్టూ మూగారు. ఎవరి కారంటే ఎవరి కారని ఒకటే గోల. అప్పుడు వాళ్ళ నాన్న మెట్ల మీంచి పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు తీశాడు. ఒకావిడ గుండుగాడి నెత్తిన నీళ్ళు చల్లింది. "పసిపిల్లల్ని ఇలా వదిలేస్తారటండీ" అని మూగినవాళ్ళంతా తలో మాటా అన్నారు. నాన్న మొహం మాడిపోయింది.

జనం వెళ్ళిపోయాక ఆయన కోపమంతా ఎవరి మీద చూపించాడు? ఇంకెవరి మీద? "అంతమందిలో మా పరువు తీశావు. ఇంకెప్పుడైనా ఇలా గోలచేసి జనాన్ని పోగేశావో, చూడు!" అన్నాడు. చిట్టెమ్మ తలొంచుకుంది. గోల చెయ్యకూడదు అని మనసులో పెట్టుకుంది. వాళ్ళమ్మ గుండుగాడి మొహం తుడుస్తూ, "పోనీలెండి, ఏం కాలేదు కదా" అంది.

కన్నతల్లి అన్న మాట అది! ఆ అమ్మని నేను ఎత్తుకుని పెంచాను... కథలో అమ్మమ్మ ఎత్తుకుని పెంచింది అంటున్నాను. పక్కింటికి పేరంటానికి వెళ్ళినా చంకనేసుకునే వెళ్ళింది. ఇలాంటి మాట ఎక్కడ నేర్చుకుందో!

టీవీ సౌండు తగ్గించినట్టున్నారు. మంచిది.

ఆ తర్వాత మూడోరోజు అందరూ ఇసకలోకి వెళ్ళారు. అక్కడ పడవ షికారు ఉంది. "చిన్నపిల్లల్ని ఎక్కించుకోనండి" అన్నాడు పడవ అతను. ఇద్దరు వెళ్ళి రావచ్చు, ఇద్దరు ఒడ్డున ఉండొచ్చు. ఆ తర్వాత ఒడ్డునున్న ఇద్దరూ వెళ్ళొచ్చు. వంతులేసుకోవడానికి ఎంత చదువు కావాలి? నలుగురూ కలిసి ఫోటో దిగాలట. నలుగురూ పడవెక్కేశారు.

ఎక్కేముందు చెప్పులు విడిచారు. అన్నీ ఒకచోట పెట్టి చిట్టెమ్మని పక్కన కూర్చోబెట్టారు. "నా చెప్పులు కొత్తవి, ఎవరైనా పట్టుకుపోతారు, జాగ్రత్త. చెప్పుల దగ్గర్నించి కదలకు" అన్నాడు నాన్న. "నువ్వు పెద్దదానివి కదా, తమ్ముణ్ణి చూసుకో" అంది అమ్మ.

చెప్పులకి కాపలా పిల్లల్ని పెట్టారు. మరి పిల్లలకి కాపలా ఎవరే ధాత్రీ? నువ్వే చెప్పు. ఆ తోలు ముక్కలు పోతే బజార్లో దొరుకుతాయి. పోతే దొరకనివాళ్ళని తీసుకొచ్చి వాటి పక్కన కూర్చోబెట్టారు!

చిట్టెమ్మ కదలకుండా కూర్చుంది. గుండుగాడు ఇసక తవ్వుతున్నాడు. అప్పుడు ఇసకలోంచి ఒక ఎర్ర పీత వచ్చింది. పీత పక్కకి పరుగెత్తింది, గుండుగాడు దాని వెనక పరుగెత్తాడు. పీత నీళ్ళ వైపు వెళ్ళింది, వీడూ నీళ్ళ వైపు వెళ్ళాడు.

చిట్టెమ్మ లేచి నిలబడింది. తమ్ముడి వెనక వెళితే చెప్పులు వదిలెయ్యాలి. చెప్పుల దగ్గర ఉంటే తమ్ముణ్ణి వదిలెయ్యాలి. రెండూ పెద్దవాళ్ళు చెప్పిన పనులే. కేకెయ్యొచ్చు కదా అంటావా? ఎలా వేస్తుందే? గోల చెయ్యొద్దని నిన్ననేగా నోరు నొక్కేశారు!

అప్పుడు ఆ బంగారుతల్లి ఏం చేసిందో తెలుసా? గౌను ముందు అంచు పైకి పట్టుకుని, చెప్పులన్నీ అందులో పోసుకుంది. ఒళ్ళో అంత బరువు పెట్టుకుని తమ్ముడి వెనక పరుగెత్తింది. ఒక చెప్పు జారింది, వంగి తీసింది. ఇంకోటి జారింది, మళ్ళీ వంగి తీసింది. వాళ్ళ నాన్న కొత్త చెప్పు జారింది, వెనక్కొచ్చి దాన్నీ తీసింది. ఈలోగా గుండుగాడు నీళ్ళలోకి దిగిపోయాడు.

పెద్ద కెరటం లేచింది. గుండుగాడు కనబడలేదు.

చిట్టెమ్మ గౌను వదిలేసింది. చెప్పులన్నీ నీళ్ళలో పడిపోయాయి. ఆ పిల్ల నడుంలోతు నీళ్ళలోకి దూకి, చేతికి దొరికింది పట్టుకుంది. దొరికిందేమిటి? మొలతాడు. అమ్మమ్మ కట్టిన మొలతాడు. ఒక్క వేలు అందులో దూరింది. వేలు తెగిపోతుందేమో అన్నంతగా కెరటం వాణ్ణి లాగింది. చిట్టెమ్మ ఇసకలో కూలబడి, మడమలు తన్నిపెట్టి, వెనక్కి లాగింది. మొలతాడు తెగలేదు. కెరటం వెనక్కి పోయింది, గుండుగాడు ఒడ్డున మిగిలాడు. దగ్గి దగ్గి ఉప్పునీళ్ళు కక్కాడు. ఆ తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపు వింటే చిట్టెమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఏడవకు తల్లీ. ఇలా రా, కొంగుతో తుడవనీ. అయిపోవచ్చింది.

ఆ తర్వాత పడవ వచ్చింది. నలుగురూ నవ్వుకుంటూ దిగారు. పిల్లలిద్దరూ తడిసిపోయి ఒకళ్ళనొకళ్ళు కరుచుకుని కూర్చున్నారు. నాన్న వచ్చాడు. వచ్చి మొట్టమొదట ఏమడిగాడనుకున్నావు? "చెప్పులేవే?" అని అడిగాడు.

"చెప్పులు పోయాయి నాన్నా. తమ్ముడున్నాడు" అంది చిట్టెమ్మ.

మొదటి మాటే అందరికీ వినబడింది. రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. "ఒక్క పని చెప్తే చెయ్యలేవా? నీళ్ళలో ఆడుకుంటూ చెప్పులు పోగొట్టావా?" అని తిట్టారు. ఆ తర్వాత ఎండలో కాలే ఇసక మీద నలుగురూ ఒట్టికాళ్ళతో అబ్బా, అమ్మా అని ఎగురుకుంటూ కారు దాకా వెళ్ళారు. బాగా అయింది! ఇంకా కాలవలసింది. దారిలో నలుగురూ ఒకే రకం నీలం హవాయి చెప్పులు కొనుక్కున్నారు. బాబాయీ పిన్నీ వాళ్ళింటికి వెళ్ళిపోయారు. అమ్మా నాన్నా పిల్లల్ని తీసుకుని అమ్మమ్మ ఇంటికొచ్చారు. చెప్పులు పోయిన కథ పకపకా నవ్వుతూ చెప్పారు. "చెప్పులే కదండీ, ఇంకేం కాలేదు కదా" అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం అమ్మమ్మ గుండుగాడికి నీళ్ళు పోసింది. చొక్కా విప్పితే వాడి నడుం చుట్టూ ఎర్రగా కమిలిపోయి ఉంది. మొలతాడు ఎంత గట్టిగా లాగితే అంత వాత పడుతుంది? చిట్టెమ్మ చెయ్యి చూస్తే వేలు వాచి ఉంది. అప్పుడు అమ్మమ్మ తలుపేసి అడిగింది. అప్పుడు ఆ పిల్ల చెవిలో చెప్పింది. అమ్మకీ నాన్నకీ చెప్పొద్దంది, తిడతారంది.

ఏమంటున్నావు? చెప్పులు పోగొట్టింది కదా, చిట్టెమ్మదే తప్పంటావా?

కాదు. వెయ్యిసార్లు అడుగు, కాదు. ఏడేళ్ళ పిల్ల ఎవరికీ పెద్దది కాదు. ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకోవాలి. ఆ పని పసిదాని నెత్తిన పెట్టి, పైగా దాన్నే తిట్టినవాళ్ళది తప్పు. ఒక కెరటం కొంచెం గట్టిగా లాగితే ఈ రాత్రి ఈ మంచం మీద ఒక్క పిల్లే ఉండేది. ఏం కాలేదట! ఏం కావాలి ఇంకా?

ఎవరదీ గుమ్మంలో? మీరా బాబూ? రండి, లోపలికి రండి. పిల్లకి కథ చెప్తున్నాను. కుర్చీ అక్కడుంది... సరే, కిందే కూర్చోండి. వాడి బనీను పైకెత్తి చూడండి. చూశారా? దీని వేలు కూడా చూడండి.

హైమా, నువ్వు తలుపు పట్టుకుని అక్కడే ఏడవకు. ఇలా వచ్చి కూతురి పక్కన కూర్చో. నాకేం చెప్పొద్దు. చెప్పేదుంటే దానికి చెప్పండి.

విన్నావా తల్లీ? నీ తప్పు లేదంటున్నారు మీ నాన్న.

రేపు పొద్దున్న కాఫీ ఇస్తాను బాబూ, వేడివేడిగా ఇడ్లీ పెడతాను, మీ మర్యాదకి లోటు చెయ్యను. కానీ నాకు కోపం తగ్గలేదు. ఇప్పట్లో తగ్గదు కూడా. ముందు ఆ చెయ్యి ఇలా ఇవ్వండి. వేలు మొలతాడులో పెట్టండి. ఇంకొంచెం లోపలికి. ఆఁ, అలా. ఇవాళ ఇద్దరూ ఒకేసారి పడుకోవద్దు. సగం రాత్రి మీరు, సగం రాత్రి హైమ. పడవ దగ్గర వంతులు తెలియలేదుగా, ఇక్కడ నేర్చుకోండి.

ధాత్రీ, ఇప్పుడు నీ వేలు తీసెయ్యమ్మా. మీ నాన్న పట్టుకున్నారు. నిజంగానే పట్టుకున్నారు, కావాలంటే తడిమి చూడు. తీసేశావా? నా తల్లే. ఇంక కళ్ళు మూసుకో.

కెరటం పోయె కడలికి,
చెప్పులు పోయె చేపలకి,
కాపలా పోయె నాన్నకి,
కునుకు వచ్చె పాపకి,
కథ నడిచె కంచికి,
చెయ్యీ చెయ్యీ పట్టుకుని మనం వచ్చాం ఇంటికి.