బోర్డు మీద లేని సున్నా

జోగారావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు కుర్చీలోంచి లేస్తారు. కూర్చుని జవాబు చెప్పడం ఆయన వల్ల కాదు. లేచి, జేబులో సుద్దముక్క ఉందో లేదో తడుముకుని, అడిగినవాళ్ళని వెంటబెట్టుకుని ఎటో బయల్దేరతారు. జవాబు దారిలో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. మా పాలిటెక్నిక్‌లో ఎన్నో బ్యాచ్‌లు అలా ఆయన వెనక నడిచాయి. ఆ రోజు నడిచినదాన్ని నేను.

నేనడిగింది ఇదీ: "నేను ప్రతి పేపరుకీ రైటు కొట్టిన పిల్ల, మిషన్ ముందు కూర్చుంటే ఎలా తప్పింది సార్?"

ఆ పిల్ల పేరు బిడ్డిక రోహిణి. డిప్లొమా రెండో ఏడు, కంప్యూటర్ బ్రాంచి. వాళ్ళ నాన్న లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ఆ బ్రాంచికి సీ భాషా, మిషన్ లోపల ఏ భాగం ఏ పని చేస్తుందో చెప్పే ఆర్కిటెక్చరూ, వెబ్ పేజీలూ, మూడూ చెప్పేది నేనే. గెస్ట్ లెక్చరర్ని. నిజం చెప్పాలంటే ఆ మూడింటిలో ఒక్కటీ నేను కాలేజీలో చదవలేదు. చదివింది బీకాం. మిగతాదంతా మా పిన్ని వాళ్ళింట్లో మూలన పడున్న పాత కంప్యూటరు ముందేసుకుని, ఫోన్లో పాఠాలు చూస్తూ సొంతంగా నేర్చుకున్నదే. అలా నేర్చుకున్నవాళ్ళకి ఒక రకం ఆబ ఉంటుంది. ఎదుటివాళ్ళు సగం చెప్పేసరికే మిగతా సగం మనకి అర్థమైపోవాలి. పిల్లలు పేపరు మీద ప్రోగ్రాం రాసి తెస్తే నేను పైనుంచి కిందకి ఒక్క చూపు చూసి, వాళ్ళేమనుకుని రాశారో పట్టేసి, రైటు కొట్టేసేదాన్ని. మా మేడం చెప్పకముందే తెలుసుకుంటారని పిల్లలు అనుకుంటే విని మురిసిపోయేదాన్ని కూడా.

అందరికన్నా ఎక్కువ రైట్లు రోహిణికే పడ్డాయి. లాబ్ పరీక్షలో, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎదుట, ఆ పిల్ల ప్రోగ్రాం ఒక్క తప్పూ చూపించకుండా నడిచి, నాలుగైదు సబ్జెక్టుల మార్కుల మొత్తం చెప్పాల్సిన చోట ఎక్కడిదో పే...ద్ద సంఖ్య తెర మీద పెట్టి కూర్చుంది. ఎగ్జామినర్ నవ్వాడట. రోహిణి ఫెయిలయింది. లాబ్ గుమ్మంలో నన్నాపి, మీరు రైటు కొట్టారు కదా మేడం అని ఒక్క మాట అడిగింది. ఆ తరవాత నాతో మాట్లాడడం మానేసింది. వారం తిరక్కుండా, చదువు మానేసి టీసీ తీసుకుంటోందనీ, విజయనగరంలో బట్టల షాపులో పని చూసుకుందనీ తెలిసింది. నేను మాస్టారి గదికి పరిగెత్తింది ఆ టీసీ ఇచ్చే రోజు పొద్దున్నే. వాళ్ళ నాన్న సంతకం పెట్టడానికి బయల్దేరాడని అప్పటికే కబురొచ్చింది.

మాస్టారు లేచారు, సుద్దముక్క తడుముకున్నారు. నా పీరియడ్ ఎప్పుడని అడిగారు. ఇప్పుడేనంటే, పిల్లలందర్నీ వర్క్‌షాపు వరండాలోకి తోలుకురమ్మన్నారు. రోహిణి ఆ రోజు యూనిఫాం కూడా వేసుకోకుండా, స్నేహితురాళ్ళకి చెప్పి పోదామని వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. ఆమెనీ లేపుకొచ్చారు.

ఆయన చేసిన ఏర్పాటు చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంది. అయిదుగుర్ని వరండా అంచున వరసగా కూర్చోబెట్టి, చేతికి తలో అంకె రాసిన కాయితం ఇచ్చి, ఇవి మిషన్ జ్ఞాపకంలో గదులు అన్నారు. మిషన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి వాళ్ళ ముందు నేల మీద సుద్దతో సున్నా నుంచి నాలుగు దాకా నంబర్లు వేశారు. తవిటినాయుడు అనే కుర్రాడికి పలక ఇచ్చి కూడికలు వాడివన్నారు. ఒకడు గోడకున్న బోర్డు మీద రాసింది చదవాలి, ఇంకొకడు గది నంబరు కేకేయాలి. హైమ అనే పిల్ల, కేకేసిన గది దగ్గరికి పరిగెత్తి, అక్కడున్న అంకె కనుక్కుని తవిటినాయుడికి చేరెయ్యాలి. ఇక ప్రోగ్రాం నన్ను రాయమన్నారు, కామాలూ బ్రాకెట్లూ లేకుండా అచ్చ తెలుగులో. నేను క్షణంలో రాసేశాను. గది నంబరు సున్నాతో మొదలుపెట్టు. ఆ గదిలో ఉన్నది తెచ్చి మొత్తానికి కలుపు. గది నంబరు ఒకటి పెంచు. నంబరు ఐదు దాటేదాకా ఇలాగే చేస్తూ ఉండు. తరవాత మొత్తం చెప్పు.

ఆట మొదలయింది. నిజంగా చెప్తున్నాను, ఏడాదిగా ఆర్కిటెక్చరు పాఠంలో ఆవులిస్తున్న పిల్లలు ఆ పూట వేరే మనుషులయిపోయారు. వీడు చదవడం, వాడు కేకెయ్యడం, హైమ జడ ఎగిరేలా పరిగెత్తడం, పలక మీద అంకె మారడం. ఏడు, పదకొండు, ఇరవై, ఇరవై రెండు, ముప్ఫై. సరిగ్గా ముప్ఫై. వరండా అంతా చప్పట్లు. నేనూ కొట్టాను. మాస్టారు మాత్రం బోర్డుకేసి కాసేపు చూసి, అక్షరాలు కుదురుగా ఉన్నాయమ్మా అన్నారు. అని రోహిణి వైపు తిరిగి, ఎలాగూ పోతున్నావు కదా, పోయేలోపు ఒక్కసారి నువ్వూ పరిగెత్తి పో అన్నారు.

ఆ పిల్ల చున్నీ నడుముకి బిగించింది. తవిటినాయుడు పలక తుడుచుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే మా ప్రిన్సిపాల్ సత్యవతిగారు వచ్చారు. ఆవిడది సివిల్ బ్రాంచి, గోలంటే పడదు. రోహిణి వాళ్ళ నాన్న ఆఫీసులో కూర్చున్నాడని, పిల్లని తీసుకెళ్దామని స్వయంగా వచ్చి, ఆట చూసి, వరసలో చివర కూర్చున్న కుర్రాడి పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. మాస్టారు ఆవిడకి నమస్కారం పెట్టారు గానీ, ఆట ఆపలేదు.

సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. రోహిణి ఒక్కో గది దగ్గరా ఆగింది, అడిగింది, చేరేసింది. పలక మీద ముప్ఫై పడింది. బోర్డు చదివేవాడు మళ్ళీ చదివాడు. నంబరు కేకేసేవాడు కొంచెం తటపటాయించి, ఐదు అన్నాడు. రోహిణి ఆగలేదు. నాలుగు నంబరు పక్కకి తిన్నగా వెళ్ళి, అక్కడున్న ప్రిన్సిపాల్ గారి ముందు నిలబడింది.

"మేడం, మీ దగ్గరెంతుంది?"

సత్యవతిగారు కళ్ళజోడు సర్దుకుని, నా దగ్గరేటుంటుందే, పదకొండున్నరకి మీటింగుంది అన్నారు. రోహిణి వెనక్కి తిరిగి తవిటినాయుడికి పదకొండున్నర అప్పజెప్పింది. వాడు తల గోక్కుని, పలక మీద పూర్తి అంకెలే కదా పట్టేవి అని అర కాస్తా వదిలేసి, పదకొండు కలిపి, నలభై ఒకటి అని చదివాడు.

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగగానే హైమ రోహిణి మీద పడింది. అదేటే, ఉన్నది ఐదు గదులే కదా, ఐదో నంబరు దగ్గర ఎవరూ లేరని తెలీదా, నాకు తెలిసే కదా నేను వెనక్కి వచ్చేశాను, మేడం ఉద్దేశం అది కాదని నీకు మాత్రం తెలీదా అని కడిగేసింది. రోహిణి నాకేసి చూడకుండా బోర్డు చూపించింది.

"ఉద్దేశం బోర్డు మీద లేదు."

నేనూ అప్పుడే చూశాను. ఐదు దాటేదాకా అని రాసింది నేనే. ఐదుకి చేరేదాకా అని ఉండాలి. మొదట నా మొహం మాడిపోయింది. ప్రిన్సిపాల్ గారి ముందు, నలభై మంది పిల్లల ముందు. ఏదో ఒక సాకు చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆ లోపే లోపల్నుంచి ఇంకోటి తన్నుకొచ్చింది, దాన్ని సంతోషమనే అనాలి. హైమ నన్ను చదివినట్టే నేను ఏడాదిగా వీళ్ళ పేపర్లు చదువుతున్నాను! వెబ్ పేజీలో ట్యాగు మూయడం మర్చిపోతే బ్రౌజరు పోనీలే అని సర్దుకుని పేజీ చూపించేస్తుంది. నేనూ అంతే. సర్దుకుపోయే బ్రౌజర్లా కూర్చుని సీ ప్రోగ్రాములు దిద్దాను.

బోర్డు మీద దాటేదాకాని తుడిచి చేరేదాకా అని రాసి, మళ్ళీ మొదలుపెట్టమన్నాను. అప్పటికే రోహిణి మాట అందరికీ అంటుకుపోయింది. ఎవరూ ఎవరికీ సాయం చేసే స్థితిలో లేరు. నంబరు కేకేసేవాడు, బోర్డు మీద చెప్పేదాకా ఊపిరి కూడా పీల్చనని భీష్మించాడు. ప్రిన్సిపాల్ గారు స్తంభం దగ్గర్నుంచి కదల్లేదు. రోహిణి పరిగెత్తింది. సున్నా నుంచి నాలుగు. ఐదు అనగానే బోర్డు చదివేవాడు ఆపేశాడు, ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆవిడ కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే కనిపించారు. ఇప్పుడు ముప్ఫై రావాలి.

తవిటినాయుడు డెబ్భై ఒకటి అన్నాడు.

వాడి మీద అందరూ లేచారు. వాడు పలక అడ్డం పెట్టుకుని, పాత నలభై ఒకటి దీని మీద అలాగే ఉంది, దాని మీదే కలుపుకుంటూ పోయాను, తుడవమని బోర్డు మీద ఎక్కడుందో చూపించండి అన్నాడు. ఇందాక మరెందుకు తుడిచావురా అంటే, ఇందాక మంచివాణ్ణి అన్నాడు.

నేను బోర్డు చూశాను. నిజంగానే లేదు. మొత్తాన్ని సున్నా చేసి మొదలుపెట్టమని నేను రాయలేదు. ఎందుకు రాస్తాను, నా తలలో ఎప్పుడూ సున్నాయే ఉంటుంది. రోహిణికి నేర్పింది నేను. పేపరు మీద ఆ పిల్ల వదిలేసిన సున్నాని, దిద్దేటప్పుడు నా తలలోంచి తీసి వేసుకున్నదీ నేనే. చెప్దామని ఆమె వైపు తిరిగాను. చెప్పాల్సిన పని లేకపోయింది. రోహిణి ఆ పలకకేసి చూస్తోంది. కదలకుండా, నోరు కొద్దిగా తెరుచుకుని, చాలా రోజులుగా వెతుకుతున్న మనిషి బస్టాండులో ఎదురుపడితే చూసినట్టు.

నాకూ ఇదే వచ్చింది మేడం, అంది. పరీక్షలో. మిషన్ లోపల ఎవరో అంతకుముందు వదిలేసిపోయిన చెత్త మీద నా మార్కులు కలిపాను.

చాలా రోజుల తరవాత నన్ను మేడం అని పిలవడం అదే. నేను ఏదో అనేలోపే నా చేతిలో సుద్దముక్క లాక్కుని, బోర్డుకి అన్నిటికన్నా పైన, చోటు చాలక ఇరికించి, మొత్తం సున్నా చేయి అని రాసింది. రాసి, తవిటినాయుడి పలక లాక్కుని, నేను కూడతాను, పరిగెత్తేవాళ్ళు పరిగెత్తండి అంది. హైమ పరిగెత్తింది, ఈసారి బోర్డుకేసి తప్ప ఎటూ చూడకుండా. ముప్ఫై వచ్చింది. మొదటిసారి వచ్చిందీ ముప్ఫయ్యే. కానీ ఈ ముప్ఫైకి పిల్లలు కొట్టిన చప్పట్లకి వర్క్‌షాపులో లేతు మిషన్ ఆపి మెకానికల్ వాళ్ళు బయటికొచ్చారు.

సత్యవతిగారు గొంతు సవరించుకుని, మీ నాన్న కూర్చున్నాడమ్మా, ఏటి చెప్పమంటావు అని అడిగారు. రోహిణి పలకలోంచి తలెత్తకుండానే, పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చని చెప్పండి మేడం, నేను అక్కడికొస్తే ఆయన మొహం చూసి ఏడుస్తాను, మీరే చెప్పండి అంది. గదుల్లో కొన్ని ఖాళీగా ఉంటే ఏమవుతుందో చూడాలంటూ అప్పుడే వరసలోంచి ఇద్దర్ని లేపేస్తోంది. ప్రిన్సిపాల్ గారు మీటింగు సంగతి మర్చిపోయి ఆఫీసు వైపు తానే నడిచారు.

పీరియడ్ అయిపోయినా పిల్లలు వదల్లేదు. నేనూ మాస్టారూ వరండా చివర నిలబడి చూస్తున్నాం. నా ఒళ్ళంతా ఇంకా ఝల్లుమంటూనే ఉంది. ఇప్పటికిప్పుడు పేపర్లన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ దిద్దాలని ఉంది. అయినా ఒక చిన్న ముల్లు లోపల మిగిలింది, అది అడగకుండా ఉండలేకపోయాను. అయితే ఇక మీద పిల్లలు ఏమనుకుంటున్నారో అర్థం చేసుకోవడం మానెయ్యాలా సార్ అన్నాను.

మాస్టారు పరిగెడుతున్న హైమనీ, పలక పట్టుకుని ఎవరినో తిడుతున్న రోహిణినీ మార్చి మార్చి చూశారు.

"మొదట పరిగెత్తిన పిల్లకి నువ్వంటే ఎంత ఇష్టమో చూశావు కదమ్మా," అన్నారు. "రెండోదానికి నీ మీద కోపం ఉండబట్టి బతికిపోయాం."