గూడబాతుల పురుడు

జోగినాథం ఇంట్లో తెలివికి కొదవ లేదు. తాతల నాటి నుంచీ కూడబెట్టిన తెలివి, ఎవరూ వాడలేదు కాబట్టి చెక్కుచెదరకుండా అలాగే ఉందని ఆయనే చెప్పుకునేవాడు. భార్య వరహాలమ్మ ఔనని తలూపేది. ఆవిడ తమ్ముడు సన్యాసి, ఇంతేసి మీసాలున్న మనిషి, అక్క తలూపితే తనూ ఊపేవాడు. నవ్వకండి, కథ ఇంకా మొదలే కాలేదు.

ఈ ముగ్గురికీ భానోజీ మాస్టారు తన తోటలో పక్షుల కాపలా కొలువిచ్చి, ఉండటానికి ఇల్లిచ్చారు. తోట మాస్టారిది, పక్కనున్న చెరువు ఊరిది. ఏటా వానలు పడగానే సైబీరియా నుంచి గూడబాతులు వచ్చి గట్టు మీది చింతచెట్ల నిండా గూళ్ళు కట్టేవి. గొంతు కింద సంచీ వేలాడే ఆ పక్షుల్ని చూడ్డానికి పట్నం జనం కార్లేసుకుని వచ్చేవాళ్ళు. అయితే ఈమధ్య పిల్లలు సరిగా దక్కడం లేదు. ఈసారి కూడా పిల్లలు ఎగరకపోతే చెరువుని రొయ్యల సాగుకి ఇచ్చేస్తామని ఊరి పెద్దలు తేల్చేశారు. చెరువు పోతే పక్షులు పోతాయి, పక్షులు పోతే వీళ్ళ కొలువూ ఇల్లూ పోతాయి.

సరిగ్గా అప్పుడే మాస్టారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషను వచ్చి పడింది, ఎండాకాలం దాకా తిరిగి రాలేరు. విశాఖపట్నం బయల్దేరుతూ ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పారు.

"ఇవి మనింటి ఆడపిల్లలు. పురిటికి పుట్టింటికొచ్చారు. ఆడపిల్లల్ని ఎలా చూసుకుంటారో అలాగే చూసుకోండి. చూడ్డం మాత్రం దూరం నుంచే చూడండి."

దుర్భిణీ జోగినాథం మెడలో వేసి వెళ్ళిపోయారు. అంతే.

జోగినాథం దుర్భిణీ కళ్ళకి పెట్టుకున్నాడు. ఇంకేముంది, గూడబాతు వచ్చి ముక్కు మీద కూర్చున్నట్టు కనబడింది. అయ్యో, మాస్టారు దూరం నుంచి చూడమన్నారే అని నాలుగడుగులు వెనక్కి వేశాడు. అప్పటికీ దగ్గరే. ఇంకా వెనక్కి నడిచాడు. ముళ్ళకంచెలో పడ్డాడు. లేచి చూస్తే, పక్షి ఇంకా అక్కడే, కళ్ళెదుటే. వరహాలమ్మ వచ్చి దుర్భిణీ లాక్కుని తిరగేసి పెట్టుకుంది. పక్షులన్నీ ఎక్కడో దోమలంత అయిపోయాయి. హమ్మయ్య అనుకున్నారు. ఆ వానాకాలమంతా పట్నం వాళ్ళకి కూడా అలాగే చూపించారు. ఇంత చిన్నగా ఉన్నాయేమిటని ఒకావిడ అడిగితే, సైబీరియా బాగా దూరం కదమ్మా అని సన్యాసి ఓపిగ్గా వివరించాడు.

చలికాలం వచ్చింది. గుడ్లు పిల్లలయ్యాయి. చెట్టు మీద కీచుకీచుమని ఒకటే గోల. వరహాలమ్మ మురిసిపోయింది, ఆ వెంటనే గుండె బాదుకుంది. ఇంత చలిలో బాలింతలు చెవుల్లో దూదైనా లేకుండా గాలికి కూర్చున్నారే, ఊరు నవ్విపోదూ అంది. సన్యాసిని దూది మూటతో చెట్టెక్కించింది. మరి దూరం నుంచే చూడాలి కదా అని జోగినాథం అడ్డం పడ్డాడు. దానికేం బావా, కళ్ళు మూసుకుని ఎక్కితే చూసినట్టు కాదుగా అన్నాడు సన్యాసి. తెలివంటే అదీ. కళ్ళు మూసుకుని ఎక్కాడు, కళ్ళు మూసుకునే చెవుల కోసం తడిమాడు, నెత్తిన నాలుగు పోట్లు పొడిపించుకుని కళ్ళు మూసుకునే కింద పడ్డాడు. పక్షులు దూది పీకి గూళ్ళలో పరుచుకున్నాయి. పోన్లే, తర్వాత పెట్టుకుంటారని వరహాలమ్మ సరిపెట్టుకుంది.

అక్కడితో ఆగితే బాగుండును. ఆగుతారా? బాలింతలు చెరువులోంచి పచ్చి చేపలు మింగి పిల్లలకి పెడుతున్నారని జోగినాథం కనిపెట్టాడు. పసివాళ్ళకి అజీర్తి చెయ్యదూ? ఒక్కో చేపనీ పట్టి వండితే తెమలదు కాబట్టి చెరువునే పులుసు పెట్టేద్దామన్నాడు. అంతే. పసుపు, ఉప్పు, చింతపండు దోసిళ్ళతో చెరువులో పోశారు. గట్టున పచ్చి కట్టెలు పేర్చి మంట పెట్టారు. ఇంకేముంది, పొగ కమ్మేసింది. గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గూళ్ళలో పిల్లలు మాత్రం మిగిలారు. చెరువు మీద కన్నేసిన రొయ్యల ఆసామి గట్టు మీద నిలబడి, చెరువు తవ్వే యంత్రానికి కబురు పంపుతానని నవ్వుతూ వెళ్ళాడు.

అప్పుడు మాత్రం ఆడపిల్లలు పుట్టింటి మీద అలిగిపోయారని వరహాలమ్మ గట్టున కూలబడి వలవలా ఏడ్చింది. పులుసు భార్యకి నచ్చలేదనుకుని జోగినాథం మంట మీద బిందెలకి బిందెలు నీళ్ళు గుమ్మరించాడు. పొగ విడిపోయింది. పొద్దు వాలేలోగా ఒక్కొక్కటే తిరిగొచ్చి పిల్లల పక్కన వాలాయి. ఆనాటి నుంచీ ముగ్గురూ ఏమీ చెయ్యకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే.

ఎండలు ముదిరాయి. పిల్లలకి రెక్కలొచ్చాయి. ఒక శుక్రవారం పొద్దున తల్లులూ పిల్లలూ బారులు తీరి ఎగిరిపోయాయి. అదే రోజు మాస్టారు కర్ర పోటేసుకుంటూ ఆటో దిగారు. ఖాళీ చెట్లు చూసి గతుక్కుమన్నారు. ఎదురింటివాళ్ళు చెబితే గానీ పిల్లలన్నీ ఎగిరాయని తెలియలేదు. చెరువు దక్కింది, వీళ్ళ కొలువూ ఇల్లూ దక్కాయి. మాస్టారు జోగినాథాన్ని పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వరహాలమ్మ మాత్రం ముఖం వేలాడేసుకుంది. శుక్రవారం పూట ఆడపిల్లల్ని పంపామే, సారె కూడా పెట్టలేదే అని ఆవిడ బాధ.

సన్యాసి ఏడని మాస్టారు అడుగుతుండగానే ఫోను మోగింది. అవతల బస్సు కండక్టరు. బరంపురం బస్సులో మీసాలాయన ఒకాయన చలిమిడి బుట్ట ఒళ్ళో పెట్టుకుని సైబీరియాకి టిక్కెట్టు అడుగుతున్నాడట. బాలింతల్ని అత్తారింట్లో దిగబెట్టి రావాలట. మాటిమాటికీ కిటికీలోంచి ఆకాశం చూస్తూ, బస్సు నెమ్మదిగా పోనివ్వండి, పసివాళ్ళు వెనకబడుతున్నారని డ్రైవరు ప్రాణం తీస్తున్నాడట.

వరహాలమ్మ మాస్టారి చేతిలోంచి ఫోను లాక్కుంది. వాణ్ణి వెనక్కి రమ్మంటుంది కాబోలని మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు.

"ఒరే సన్యాసీ, కిటికీ మూయకురోయ్. ఎవరైనా అలిసిపోతే లోపలికొచ్చి కూర్చుంటారు."