చౌడక్క నోచిన ఉలిగౌరి నోము

అక్షతలు అందరి చేతులలోను ఉన్నవా? ఉన్న యెడల గుప్పిట మూయుడు. కథ నడుమ వాటిని నమలరాదు, ప్రక్కవారి కొప్పులో వేయరాదు. పసుపుగౌరమ్మ ముందర దీపము వెలిగించి, ఉలిని కడిగి బొట్టు పెట్టి, తమలపాకు మీద తోలుముక్క నుంచి, మనసును ఇంటిలో కూర్చుండబెట్టుకొని వినవలెను. మనసును వీధికి పంపి వినువారు ఫలమును కూడ వీధిలోనే వెదకుకొందురు గాక.

పూర్వమొక తపోవనమున శుచివ్రతుడను ముని ఘృతకేతు మహర్షిని సమీపించి, నమస్కరించి, ఇట్లడిగెను. చేతిపని చేసి బ్రతుకువారికి విద్య అబ్బుటకును, అబ్బిన విద్య ఇంట నిలుచుటకును తగిన నోము ఏదైన కలదా? పూవులు కట్టువారు, నూలు వడకువారు సరే. తోలుపని చేయువారి పూజను కూడ అమ్మవారు అందుకొనునా? ఇట్లడుగుచు ఆ ముని ముక్కు కొంచెము ముడిచెను.

ఘృతకేతునకు కోపము ముక్కు మీదనే ఉండునని ఆ వనమంతటికి తెలియును.

"శుచివ్రతా! నీవిప్పుడు దేని మీద కూర్చుంటివి?"

"జింకచర్మము మీద, స్వామీ."

"దానిని కడిగి, గీకి, ఎండబెట్టి, మెత్త చేసి నీకిచ్చినదెవరు? గాలియా?"

శుచివ్రతుడు తల వంచుకొనెను. అంతట మహర్షి, అడుగవలసినదే అడిగితివి గాని ముక్కుతో అడిగితివి, ఇక చెవులతో వినుమని ఈ కథ చెప్పనారంభించెను.

చిత్రావతీ తీరమున తోలుగట్టు అను పల్లె కలదు. అచ్చటివారు మేకతోలును గోరువెచ్చని నీట నానబెట్టి, వెండ్రుకలు గీకి, కొయ్యచట్రమునకు బిగలాగి ఎండబెట్టుదురు. ఎండిన తోలులో వెలుగు ఇటునుండి అటు కనబడును. దాని మీద లతలును చిలుకలును గీసి, చిన్న ఉలులతో గీత వెంట చిల్లులు పొడిచి, రంగులద్ది, విసనకర్రలు, సంచులు, దీపము చుట్టు కట్టు తోలుగూళ్లు చేసి అమ్ముకొందురు.

మాఘపున్నమి నాడు ఆ ఊరి గౌరమ్మకు జాతర. ఇంటికొక తోలుగూడు తెచ్చి అమ్మవారి అరుగు మీద పెట్టుదురు. సందెవేళ ఊరిపెద్ద ఒక్కొక్క గూటిలో దీపముంచి, పని బాగున్నచో చేసినవారి పేరు బిగ్గరగా పిలుచును. వరుసగా మూడేండ్లు పేరు పిలువబడని ఇంటివారు తమ ఉలులను అమ్మవారి మెట్టు మీద పెట్టి, ఆ పని విడిచిపెట్టవలెను. కఠినమైన కట్టడియే. ఒక ఇంటి చెడ్డపనితో ఊరంతటికి చెడ్డపేరు వచ్చునని పెద్దలు పెట్టిరి.

జాతరకు ముందు పనివారందరు ఉలిగౌరి నోము పట్టుట ఆ ఊరి ఆచారము. తొమ్మిది శుక్రవారములు, వారమునకు తొమ్మిది చుక్కలు. చనిపోయిన మేకను తలచి, నీ చర్మముతో అన్నము తినుచున్నాను, దీని మీద దొంగపని చేయనని చెప్పుకొని, తోలుముక్క మీద తొమ్మిది చిల్లులు పొడిచి, రెండు వైపుల రంగు వేసి, దీపమునకు ఎదురుగా పట్టి చూచుకొనవలెను. అంతే. పప్పుబెల్లములు కూడ అక్కరలేదు.

ఆ ఊరిలో భీమలింగప్ప అను పెద్ద పనివాడు కలడు. తన తాతనాటి తొమ్మిది ఉలులు అతని యొద్ద నుండెను. ఒక యేడు అతడు, తొమ్మిది లక్షల చిల్లులు పొడిచిన చేతికి తొమ్మిది చుక్కలేమిటని నవ్వి, నోము మానెను. ఆ యేడే అతని కుడిచేయి వణకసాగెను. ఉలి జారి, గూటి మీద గీసిన హంస మెడ తెగెను. చినిగిన గుడ్డను కుట్టవచ్చును గాని తోలులో పడిన చిల్లును ఎవరు పూడ్చగలరు? అతని పేరు పిలువబడలేదు. కొన్నాళ్లకు గంజిచెంబు నెత్తుటకు కూడ ఆ చేతికి శక్తి లేకపోయెను.

మరుసటి యేడు అతని కొడుకు కొండన్న నోము పట్టెను. పట్టిన విధమును వినుము. ఇన్ని వారములెవరు కాచుకొనెదరని, తొమ్మిది వారముల చుక్కలను ఒక్క పూటలో టకటక పొడిచి, "అయిపాయె పో" అనెను. ఆ తొందరతోనే ఆరని తోలు మీద రంగు వేసెను. ఎరుపు పచ్చలోనికి పారెను. దీపము పెట్టగానే జనులు, "ఇవి చిలకలా, కోసిన కోళ్లా?" అని పకపక నవ్విరి. ఆ నవ్వుతో బేరములు పోయినవి. కొండన్న సిగ్గుపడి ఉలి ముట్టనని చెప్పి, అడవికి పోయి కట్టెలు కొట్టి అమ్మసాగెను. ఆ ఇంట రెండు పూటల పొయ్యి ఒక పూటకు దిగెను.

ఇక మూడవ యేడు వచ్చెను. ఈ సారి కూడ తప్పినచో ఉలులు పోవును. భీమలింగప్ప వాటిని ఒడిలో పెట్టుకొని పగలెల్ల తుడుచుచు కూర్చుండెను.

కొండన్న భార్య చౌడక్క. తోలు గీకుట, రంగులు నూరుట ఆమె పని. ఆ ఇంట ఆడువారు ఉలి పట్టు వాడుక లేదు. ఒకనాడు తెగిన చెప్పు చేత పట్టుకొని ముసలమ్మ యొకతె గడపలో నిలిచి, దాని తోలువారు కుట్టి పెట్టమని అడిగెను. చౌడక్క ఆమెకు మజ్జిగ ఇచ్చి, చెప్పు తీసికొని కుట్టెను. ముసలమ్మ ఆ కుట్టును తిప్పి తిప్పి చూచెను.

"కుట్టు సమానంగా పడినాది మే. ఈ చేత్తో ఉలి పట్టుకుంటే యేమి?"

"మా ఇంట్లో ఆడోళ్లు ఉలి పట్టరవ్వా."

"అట్లనా! మరి మీ మగోళ్లు యేం పట్టుకోనుండారు ఇప్పుడు? ఒకాయన గంజిచెంబు పట్టల్యాకపాయె, ఇంగొకాయన కట్టెలమోపు పట్టె. నోము నోచి నువ్వు నేర్సుకో. ఉలి యేమన్నా నిన్ను ఆడదానివా మగోనివా అని అడుగుతాదా?"

ఇట్లని ఆమె వీధిలోనికి దిగెను. చౌడక్క వెనువెంట వచ్చి చూడగా ఆ పొడవైన వీధిలో ఎవరును లేరు.

చౌడక్క మామగారి యెదుట నిలిచి, నాకు ఉలిపని నేర్పుమని అడిగెను. అతడు ఆ దినమంతయు ఉలులను ఒక్కొక్కటి తీసి చూచుచుండెను. మరునాడు కార్తీకము వెళ్లిన తొలి శుక్రవారము. పొద్దున్నే అతడు ఎడమచేత అన్నిటికన్న చిన్న ఉలిని తీసి ఆమె ముందు పెట్టెను.

"పిడికిలితో కాదు, యేళ్లతో పట్టుకో. గట్టిగ కొట్టొద్దు మే. తోలు మూగది, నొప్పి అని చెప్పల్యాదు."

తొలివారపు చుక్కలు కంచె దాటిన మేకలవలె తలొక దిక్కున పడెను. కొండన్న చూచి నవ్వబోయి, తన చిలుకలు తలపునకు వచ్చి నోరు మూసికొనెను. మూడవ వారము ఆమె బొటనవ్రేలు తెగెను. అయిదవ వారము చుక్కలు వరుసలో నిలిచెను గాని ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. భీమలింగప్ప చేయి పనికి రాకున్నను కన్నును చెవియు పనికి వచ్చెను. సుత్తి చప్పుడు విని, తల తిప్పకయే, ఇది లోతు తక్కువ, ఇది వంకర అని చెప్పుచుండెను. అభ్యాసము కూసువిద్య అని పెద్దలూరక అనలేదు. తొమ్మిదవ వారము ఆమె ముక్కను దీపమునకెదురుగా పట్టగా తొమ్మిది చుక్కలును ఒక్క తీరున వెలిగెను. మామ చాలసేపు చూచి, ఇక పెద్దతోలు బిగించుమనెను.

ఆమె తోలు మీద మేకల మందను గీసెను. భీమలింగప్ప అదిరిపడెను.

"అమ్మోరి గూడు మీద మేకలా! ఊరోళ్లు నవ్వుతారు మే."

"హంసను నేను యెప్పుడూ సూడల్యా మామా. మేకను దినామూ సూస్తాండా. వచ్చిందే గీస్తా."

మేకలు కొమ్మలందుకొనుచున్నవి, పిల్లలు పాలు కుడుచుచున్నవి, ఒక పోతు వెనుకకు తిరిగి చూచుచున్నది. చిల్లులన్నియు పూర్తియైన సరికి జాతర నాటి ఉదయమయ్యెను. ముందువైపు రంగు వేయుటతో ఎరుపు అయిపోయెను. వెనుకవైపు తెల్లగానే మిగిలెను. మరల రంగు నూరుటకు పొద్దు చాలదు. వెనుకవైపు ఎవరు చూచెదరని చౌడక్క గూటిని తోలుదారములతో కుట్టి బిగించెను. చూచితివా శుచివ్రతా! తొమ్మిది వారములు ముక్క మీద తప్పని నియమము అసలు పని మీద తప్పెను. గూటిలోపల దీపమై వెలుగుచుండు అమ్మకు కనబడునది వెనుకవైపే కదా! రంగు ఒకవైపే ఉన్న తోలు పగలు ఎంత బాగున్నను, దీపము పెట్టగానే వెలవెలపోవును. అది ఆమెకును తెలియును. తెలిసియు కుట్టెను.

మధ్యాహ్నము అరుగు మీద ఆ గూటిని చూచి జనులు మూగిరి. ఈ మేకలను చూడుడు, ఇదిగో పోతు అని మెచ్చుకొనిరి. రెండేండ్లుగా నవ్వని భీమలింగప్ప ముఖమున నవ్వు వచ్చెను. ఆ నవ్వును చూడలేక చౌడక్క గూటి వెనుకకు పోయి నిలిచెను. చెప్పినచో ఇప్పుడే ఉలులు పోవునేమో. చెప్పకున్నచో సందెవేళకు పోవును, మామ నవ్వు అందరి యెదుట ఆరిపోవును. ఊరిపెద్ద నారప్ప గూళ్లను లెక్కించుచు అటు వచ్చెను. ఆమె చేతులు జోడించెను.

"నారప్ప మామా, వెనకపక్క నేను రంగు ఏయల్యా."

"తెలీక ఏయల్యాదా, తెలిసే ఏయల్యాదా?"

"తెలిసే. ఎవురు సూస్తారులే అనుకుంటి. తప్పయిపాయె."

భీమలింగప్ప ఒడిలోని ఉలులను గట్టిగా పట్టుకొనెను. నారప్ప గడ్డము నిమురుకొని పొద్దు వైపు చూచెను.

"దీపం ఇంగా పెట్టల్యా కదా. పెట్టేదాకా పని నీదే. కట్టడి దీపానికే గాని పగటికి లేదు."

అప్పుడు ఎదురింటి పనివాని భార్య బసక్క గుంపును త్రోసికొని వచ్చి, తన ఇంటి ఎర్రరంగు పిడతను చౌడక్క ముందు పెట్టెను. ఆ రెండిండ్లకు ఏడాదియంతయు పోటీయే.

"మా ఇంట్లో మిగిలుండాది తీసుకో. ఏడుస్తా కూసుంటే రంగు ఆరదు మే, లెయ్!"

కొండన్న దారములు విప్పెను. తడి తగిలిన తోలు ముడుచుకొనునని ఎనిమిదిమంది ఆడువారు చుట్టును నిలిచి అంచులను బిగలాగి పట్టిరి. చౌడక్క మోకాళ్ల మీద కూర్చుండి, ఊరంతయు చూచుచుండగా, ఒక్కొక్క మేకకు ఎరుపును, కొమ్మలకు మిగిలిన పచ్చను వెనుకవైపున వేసెను. అమ్ముటకు తెచ్చిన విసనకర్రలు తీసి జనులు విసరిరి. పొద్దు గుట్ట మీదికి దిగెను. శంఖము ఊదిరి. కొండన్న తాళలేక, "ఆరింది లే, కుట్టేద్దాం" అనెను. చౌడక్క వ్రేలితో అంటి చూచి, "ఇంగా ఆరల్యా, ఉండు" అనెను. అతడు మరల విసరసాగెను.

తక్కిన అన్ని గూళ్లలోను దీపములు వెలిగినవి. చివరకు వారి గూడు కుట్టి అరుగు మీద పెట్టిరి. నారప్ప లోపల దీపముంచెను.

మేకలు లేచినవి. ఎరుపు ఎరుపుగా, పచ్చ పచ్చగా వెలిగెను. చిల్లులలోనుండి వెలుగు చుక్కలు చుక్కలుగా అరుగు మీద, జనుల కాళ్ల మీద పడెను. భీమలింగప్ప దగ్గరకు వంగి తప్పులు వెదకెను. మూడు దొరికెను. ఎవరికిని చెప్పలేదు.

నారప్ప వాడుక చొప్పున, ఇది భీమలింగప్ప ఇంటి గూడు అని పిలువబోయెను. ముసలివాడు అడ్డుపడి, వణకు చేతిని పైకెత్తి కేక వేసెను.

"నా పేరు యెందుకప్పా? దీనిమీద నా చెయ్యి పడనే ల్యా! చౌడక్క అని పిలువు. మా ఇంటి మేస్త్రీ చౌడక్క!"

నారప్ప పిలిచెను. ఊరంతయు పిలిచెను. చౌడక్క కొంగు నోట కుక్కుకొని బావురుమని ఏడ్చెను. భీమలింగప్ప తొమ్మిది ఉలులను ఆమె కొంగులో పోసెను.

అది మొదలు ఆ ఇంటికి బేరములు తిరిగి వచ్చినవి. మేకల గూళ్లు కావలెనని దూరదేశముల వర్తకులు వచ్చిరి. కొండన్న కట్టెలమోపు దింపి కుంచె పట్టెను. ఆమె పొడిచిన చిల్లులకు ఆరవలసినంత ఆరనిచ్చి రంగు వేయువాడు అతడే. పొయ్యి మరల రెండు పూటల మండెను.

ఇంతలో శుచివ్రతుడు, ముసలివాని చేయి నయమయ్యెనా అని అడిగెను. ఘృతకేతుడు నిజము చెప్పుటకు జంకువాడు కాడు. నయము కాలేదు, చనిపోవువరకు వణకెను. అయినను అతని యరుగు మీద ఏటేట పదిమంది కోడండ్రు, కూతుండ్రు కూర్చుండి ఉలిపని నేర్చిరి. అతడు తల తిప్పకయే వారి తప్పులు చెప్పుచు, తిట్టుచు, సంతోషముగా కాలము గడపెనని చెప్పెను.

ఈ నోము ఎవరు నోచవలెననగా, తోలు మీద ఉలి పెట్టువారు తప్పక నోచవలెను. మగ్గము, కుంచె, సూది, కత్తెర పట్టువారు నోచవచ్చును. కొత్తగా నేర్చువారికి చేయి తిరుగును. ఎంతో నేర్చితిమనుకొనువారు ముందుగా నోచవలెను, వారికే అవసరమెక్కువ. నేర్పువారికి కోపము తగ్గును. తగ్గకున్నను విద్య పెరుగును. ఇంట పని ఆగినవారికి పని దొరకును, విడిపోయిన బేరము తిరిగి వచ్చును, ఆలుమగలు ఒక చాప మీద కూర్చుండి పనిచేసికొందురు. ఉద్యాపనమునాడు తొమ్మిదిమందికి విసనకర్రలిచ్చి, నేర్చుకొనగోరు ఒకరికి ఒక ఉలి ఇవ్వవలెను. ఉలి లేనివారు తమకు వచ్చినది ఒక పూట నేర్పినను చాలును.

కథలో నేను మాట మింగియుందును, మీరు కునికియుందురు. ఆ లోపములు మనవి, అమ్మవి కావు. నోచినవారి చేయి తిరుగును గాక, విన్నవారి ఇంట వెలుగు నిలుచును గాక. ఇక గుప్పిళ్లు విప్పి, సగము అక్షతలు గౌరమ్మ మీద, సగము ఆ ఉలి మీద వేయుడు.