రాజుగారి తేలిక తుపాకీ

కొండకోట సంస్థానంలో వేటకు ఒక పద్ధతి ఉండేది. తుపాకీ పేల్చేది రాజుగారు, దాన్ని అడవంతా మోసేది నౌకరు జోగన్న. ఆ తుపాకీ దూలమంత బరువు. మోసి మోసి భుజం కాయలు కాచిపోయి, ఒక గాడిదను ఇప్పించమని జోగన్న వేడుకుంటే, "నీకు భుజం ఉన్నది ఎందుకురా?" అన్నారు రాజుగారు.

ఒకనాడు పట్నం వర్తకుడు కొత్త తుపాకీ తెచ్చాడు. "బరువు సగానికి తగ్గించాం ప్రభూ. దెబ్బకు మాత్రం అడవిదున్నయినా కూలాల్సిందే."

రాజుగారు దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి మురిసిపోయారు. "ఏరా జోగా, పాతదా, ఇదా?"

"నా మటుకు ఇదే బాగుంది ప్రభూ," అన్నాడు జోగన్న.

మర్నాడు అడవిపంది ఎదురుపడింది. రాజుగారు పేల్చారు. తుపాకీ ఎదురుతన్నిన తన్నుకు వెళ్లి బురదగుంటలో చతికిలపడ్డారు. పంది తాపీగా పొదల్లోకి నడిచిపోయింది.

"బరువు తగ్గించానన్నాడు కదరా ఆ వర్తకుడు," అని మూలిగారు రాజుగారు భుజం పట్టుకుని.

జోగన్న చెయ్యందించాడు. "తగ్గించలేదు ప్రభూ, నా భుజం మీంచి తీసి మీ భుజం మీద పెట్టాడు. పాతది ఆ బరువుతోనే తన్నును ఆపుకునేది. దాన్ని నేను పొద్దస్తమానం మోసేవాణ్ణి. మీరు ఒక్క క్షణంలో మోసేశారు."

తర్వాతి వేటకు పాత తుపాకీయే బయల్దేరింది, గాడిద మీద. భుజం ఉన్నది ఎందుకని రాజుగారు మళ్లీ ఎవరినీ అడగలేదు.