నరకంలో వేడినీళ్ళు

జపాను దేశపు కొండల నడుమ, పొగమంచు పల్చటి తెరలా వేలాడే ఒకానొక సంస్థానం ఉండేది. దాన్ని తదామొరి అనే ప్రభువు ఏలేవాడు. తనంతటివాడు లేడని ఆయనకు మహా గర్వం.

అక్కడి కొండవాలున ఒక వేడినీటి గుండం ఉంది. చలికాలంలో ముసలీముతకా అందులో దిగి కీళ్ళనొప్పులు మరచిపోయేవారు. ఒకనాడు ప్రభువు, "నేను స్నానమాడే నీళ్ళలో ఊరివాళ్ళా?" అని గుండం చుట్టూ కంచె కట్టించాడు.

ఆ ఊళ్ళో షిగెనొ అనే చిత్రకారిణి ఉండేది. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితాలపై అచ్చువేసేది. నొప్పులతో తల్లి మూలుగుతుంటే వినలేక ఆమె ఒక నరకం బొమ్మ వేసింది. పాపుల్ని ఉడికించే పెద్ద కాగు మీద ఆవిరి మబ్బులా కమ్ముకుని ఉంది. కాగులో ముసలమ్మలు మెడదాకా మునిగి, అరమోడ్పు కళ్ళతో నవ్వుతున్నారు. కొమ్ముల యమభటులు వాళ్ళ వీపులు రుద్దుతున్నారు.

బొమ్మ ఇంటింటికీ పాకింది. ప్రభువు మండిపడి ఆమెను పిలిపించాడు.

"నా రాజ్యం కన్నా నరకమే నయమంటావా? సరైన జవాబు చెప్పకపోతే నీ వేళ్ళు తీయిస్తాను!"

షిగెనొ మెల్లగా అంది: "నేను కల్పించలేదు ప్రభూ, కలగన్నాను. ఆవిరిలో తేలిపోతూ వెళ్ళాను. మన ముసలమ్మలంతా నరకద్వారం వైపు నడుస్తున్నారు. యముడే తెల్లబోయి, 'పిలవకుండానే వచ్చారేమమ్మా?' అన్నాడు. 'ఇక్కడ వేడినీళ్ళు దొరుకుతాయటగా నాయనా' అన్నారు వాళ్ళు."

సభలో ఎవరో కిసుక్కుమని నోరు మూసుకున్నారు.

"మరి నా సంగతేమన్నాడు?"

"మిమ్మల్ని నరకంలో అడుగు పెట్టనివ్వనన్నాడు ప్రభూ."

ప్రభువు మీసం దువ్వాడు. "చూశారా! నా పుణ్యం అలాంటిది."

"పుణ్యం మాట ఆయన ఎత్తలేదు. 'ఆ మహానుభావుడొస్తే నా కాగుకూ కంచె కట్టించి ఒక్కడే కూర్చుంటాడు. ఇక పాపుల్ని నేనెక్కడ ఉడికించుకోను?' అని దిగులుపడ్డాడు."

ప్రభువు ఆ బొమ్మను మళ్ళీ చేతికి తీసుకుని చాలాసేపు చూశాడు. ముందు ఆయన మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది, ఆపైన కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తన భుజాన ఉన్న పట్టుశాలువ తీసి షిగెనొకు కప్పించాడు. కంచె ఆ పూటే పీకించాడు.

సాయంత్రం గుండం మీద ఆవిరి వెన్నెల రంగులో తేలుతోంది. మనిషికి మనిషి ఆనవాలు తెలియడం లేదు. షిగెనొ తల్లి కాళ్ళు చాపుకుంటూ పక్కనున్న ఆకారంతో అంది:

"కాస్త జరుగు నాయనా!"

ప్రభువు మారుమాట లేకుండా జరిగాడు.