ఒక్కడి చేతిలోనే మేలుకున్న కైనేజ్

శశాంక్‌కు వచ్చిన చిక్కు ఒక్కటే. అతని ప్రయోగం అతని చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ పలకడం లేదు.

సముద్రం కనిపించే గుట్ట మీద ఒక ల్యాబ్ ఉంది. అక్కడ విశాలాక్షి మేడమ్ దగ్గర అతను పిహెచ్‌డి చేస్తున్నాడు. మేడమ్ రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. కేకలెయ్యడం, క్లాసు పీకడం ఆవిడకు అలవాటు లేదు. తప్పు చేసినవాళ్ల వైపు ఒకసారి చూసి తన పని తాను చేసుకుంటారు. దానికంటే తిట్టినా బాగుండేదనుకునేవాళ్లు ల్యాబులోని విద్యార్థులు.

శశాంక్ పనంతా కైనేజ్ అనే జాతి ఎంజైముల్లో ఒకదాని మీద. కైనేజ్ చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. ఒక ఫాస్ఫేటు ముక్క తెచ్చి ఇంకో ప్రోటీనుకు అతికిస్తుంది. అంతవరకూ ఊరికే కూర్చున్న ఆ ప్రోటీను లేచి పనిలోకి దిగుతుంది. ఒక్కోసారి అలా లేచింది కూడా కైనేజే అయి, అది మరొకదాన్ని లేపుతుంది. మన ఒంట్లో కణం పెరగాలన్నా, రెండుగా చీలాలన్నా, బయట ఆపద వచ్చిందని లోపలికి కబురు అందాలన్నా ఇలా ఒకదాన్నొకటి తట్టి లేపుకోవాల్సిందే.

శశాంక్ కైనేజ్ పేరు పి38. కణానికి కష్టం వచ్చినప్పుడు మేలుకునే వాటిలో అదొకటి. ఒక అడవి చెట్టు బెరడు నుంచి తీసిన మందు దాన్ని లేపుతుందని అతను కనిపెట్టాడు. ప్లేట్లలో పెంచిన మనిషి కణాల మీద మందు పోస్తాడు. కాసేపాగి కణాలను పగలగొట్టి, లోపలి ప్రోటీన్లను ఒక పల్చటి పొర మీదికి ఎక్కిస్తాడు. ఆ పొర మీద ఫోటో ఫిల్ము పెడితే, మేలుకున్న పి38 ఉన్నచోట ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. మందు పోసినవాటికి ఆ గీత కాటుక దిద్దినట్టుండేది. పొయ్యనివాటికి ఏమీ ఉండేది కాదు.

ఏం హస్తవాసిరా నీది, అనేవాళ్లు తోటివాళ్లు. ల్యాబుల్లో కూడా హస్తవాసి మీద నమ్మకం ఉంటుంది, పైకి ఒప్పుకోరంతే. శశాంక్ మాత్రం పైకే ఒప్పేసుకున్నాడు.

పేపరు రాసి పంపాడు. పత్రిక వాళ్లు బాగుందంటూనే, ఇదే ప్రయోగం ఇంకొకరితో కూడా చేయించి చూపించమన్నారు. మేడమ్ ఆ పని దమయంతికి అప్పగించారు. ఆ అమ్మాయి పాలకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి కొత్తగా చేరింది. ఏ పనైనా నిదానంగా చేస్తుంది. కణాలకు తిండిగా పోసే ద్రవం, మీడియాన్ని ఫ్రిజ్‌లోంచి తీశాక గోరువెచ్చని నీళ్లలో పెట్టి, ఒంటి వేడికి వచ్చేదాకా కూర్చుంటుంది. మందు పోసే ప్లేట్లనే కాదు, పొయ్యని ప్లేట్లను కూడా బయటికి తీసి, వాటికీ అంత మీడియమే మార్చి పెడుతుంది. పసిపిల్లలకు పాలు కాచినట్టు కాస్తోందని శశాంక్ నవ్వేవాడు.

ఆమె ఎన్నిసార్లు చేసినా గీతలో తేడా రాలేదు. మందు పోసినా పొయ్యకపోయినా ఒకే రకంగా, ఉందా లేదా అన్నట్టు ఒక నీడ.

సోమవారం మీటింగులో అందరూ టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. దమయంతి తన ఫిల్ములు చూపించింది. శశాంక్ ఆమెను పూర్తి చెయ్యనివ్వలేదు. అతని ఏళ్ల కష్టం, పేపరు, డిగ్రీ అన్నీ ఆ నీడ దగ్గర ఆగిపోయాయి మరి.

"చేతకాకపోతే చేతకాదని చెప్పాలి," అన్నాడు. "రోజుకిన్ని కణాలు పాడుచేసుకుంటూ కూర్చుంటే ఎలా? ఈ పని అందరికీ వచ్చేది కాదు."

"చేసిందే చూపించాను అన్నయ్యా," అంది దమయంతి. "రాని గీతని వచ్చిందని ఎలా చెప్పమంటావు?"

వెనక ఎవరో నవ్వారు. ఆమె ఫిల్ములు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రమే దమయంతి మేడమ్ గదికి వెళ్లి, నెలాఖరుకు మానేస్తానని చెప్పింది. తన చేతులు ఈ పనికి పనికిరావేమోనని అంది. మేడమ్ వద్దనలేదు, సరేననలేదు. ఆమె వెళ్లిన కాసేపటికి శశాంక్ వచ్చాడు. ఈ పనిలోంచి ఆ అమ్మాయిని తప్పించమన్నాడు.

మేడమ్ అంతా విన్నారు.

"రేపు నువ్వే చెయ్యి. నేను పక్కన కూర్చుంటాను. మందు నేను కలిపి ఇస్తాను."

శశాంక్ సంబరపడ్డాడు. మేడమ్ స్వయంగా ప్రయోగం దగ్గర కూర్చుని చాలాకాలమైంది. తన పనితనం చూడ్డానికే వస్తున్నారనుకున్నాడు.

మర్నాడు పొద్దున నిజంగానే చూడముచ్చటగా చేశాడు. ఫ్రిజ్ తలుపు తీశాడు, మీడియం సీసా పట్టుకొచ్చాడు, మేడమ్ ఇచ్చిన చిన్న గొట్టంలోది అందులో కలిపాడు. కణాలను ఒంటి వేడిలో ఉంచే ఇంక్యుబేటర్‌లోంచి మందు పొయ్యాల్సిన ప్లేట్లు తీసి, పాతది వంపేసి, కొత్తది పోసి, మళ్లీ లోపల పెట్టి తలుపు మూశాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

మేడమ్ ఒక్కటే అడిగారు. మిగతా ప్లేట్లను తియ్యలేదేమని.

"అవి మందు పొయ్యనివి కదా మేడమ్," అన్నాడు శశాంక్. "ఊరికే వాటిని కదపడమెందుకు?"



ఆ మరుసటి మధ్యాహ్నం ఇద్దరూ డార్క్‌రూమ్‌లోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నారు. ఎర్ర బల్బు వెలుగులో ఫిల్మును శశాంక్ ట్రేలోని ద్రావణంలో ముంచి అటూ ఇటూ ఆడించాడు. కాసేపటికి గీతలు తేలాయి. పోసినవాటికి నల్లగా, నిండుగా. పొయ్యనివాటికి ఏమీ లేదు.

వెలుగుకు పాడవకుండా ఫిల్మును రెండో ట్రేలోకి మార్చాడు శశాంక్. అందరినీ పిలుస్తానన్నాడు. దమయంతిని ముందు పిలుస్తానన్నాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

"ఆగు," అన్నారు మేడమ్.

కోటు జేబులోంచి ఒక చిన్న సీసా తీసి బల్బు కింద పెట్టారు. బెరడు మందు సీసా. మూత చుట్టూ సీలు అలాగే ఉంది.

శశాంక్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"నేను నీకిచ్చింది మందు కరిగించుకునే ద్రావకం," అన్నారు మేడమ్. "అందులో మందు లేదు."

"మరి పి38ని ఏది లేపింది మేడమ్?"

"అది ఎప్పుడు మేలుకుంటుందని పేపరు మొదట్లో రాశావు?"

కణానికి కష్టం కలిగినప్పుడు. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు. నిన్న పొద్దున ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అరచేతిలో ఎంత చల్లగా తగిలిందో గుర్తొచ్చింది. ఒంటి వేడిలో బతికే కణాల మీద దాన్ని అలాగే దిమ్మరించాడు. ఈసారే కాదు, ప్రతిసారీ. పొయ్యనివి మాత్రం కదలకుండా మెదలకుండా వెచ్చగా పడుకున్నాయి.

"నువ్వు పి38ని మందు సంగతి అడిగావు," అన్నారు మేడమ్. "అది నీ సంగతి చెప్పింది."

శశాంక్‌కు చెవులు వేడెక్కాయి. ఆ ఎర్ర వెలుగులో తన మొహం సరిగ్గా కనిపించదని ఒక ధైర్యం, అలా ధైర్యపడినందుకు ఇంకో సిగ్గు. ముందు పేపరు గుర్తొచ్చింది. దానికి అంత బాధ కలగలేదు, పేపరు మళ్లీ రాసుకోవచ్చు. తర్వాత ఫిల్ములు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటున్న దమయంతి చేతులు గుర్తొచ్చాయి. ఆమె ప్లేట్లలో పి38 మేలుకోలేదంటే, ఆమె ఆ కణాలకు ఏ కష్టమూ కలగనివ్వలేదు. అంత జాగ్రత్తగా చేసిన మనిషి తన చేతులు పనికిరావని నమ్మి వెళ్లిపోతోంది. నమ్మించింది తనే.

మేడమ్ ఫిల్మును నీళ్లలో కడిగి, క్లిప్పు పెట్టి తీగకు తగిలించారు. తొందరపెట్టలేదు. గడియ కూడా తియ్యలేదు.

శశాంక్ చేతిలోని మందు సీసా బల్ల మీద పెట్టాడు.

"దమయంతిని ఒకసారి పక్కకు పిలిచి మాట్లాడతాను మేడమ్. తప్పు నాదేనని చెప్తాను. వెళ్లొద్దని బతిమాలుకుంటాను."

మేడమ్ చేతులు తుడుచుకుంటున్నారు. ఇటు తిరగలేదు.

"ఆ రోజు ఆ మాట పక్కకు పిలిచే అన్నావా?"

బయట టీ వేళైంది. గ్లాసుల చప్పుడు, ఎవరివో కబుర్లు తలుపు అవతల వినిపిస్తున్నాయి. శశాంక్ తీగ మీంచి ఫిల్మును తీసుకున్నాడు. అది ఇంకా తడిగానే ఉంది.

గడియ తీసుకుని వెలుగులోకి వచ్చాడు. దమయంతి అందరికీ దూరంగా, కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని ఉంది.

"అందరూ ఒకసారి ఇటు రండి," అన్నాడు శశాంక్.